పొద్దున పూట పోయే సౌండ్

హోసూరు,
22 జూన్ 2025

చిరంజీవి రంజితకు,

మీ అత్త రామలక్ష్మమ్మ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, కంప్యూటర్ తప్ప.

నువ్వు మా ఇంట్లో ఉండి చదువుకున్నన్నాళ్లూ వాడి, టీచర్ ఉద్యోగం రాగానే నాకు వదిలిపోయిన డెస్క్‌టాప్ సంగతి ఇది. దాని సౌండ్ పోతున్నది. పూర్తిగా పోయి ఉంటే బజారులో ఇచ్చేసేదాన్ని. పోతున్నది, మళ్లీ వస్తున్నది. బొమ్మ కదులుతుంది, నోళ్లు ఆడతాయి, మాట మాత్రం రాదు. మీ మామ దాని నెత్తిన రెండు తట్టాడు. "మన కాలం టీవీలు ఇట్లనే పలికినాయి" అన్నాడు. పలకలేదు. చాలాసేపటికి తనంతట తనే పలికింది. "చూసినావా!" అన్నాడు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. అంచెట్టి దాటి నువ్వుండే ఊళ్లో ఫోన్ పలకదు. ఆదివారం నువ్వు అంచెట్టికి దిగినప్పుడు మాట్లాడవచ్చు గానీ, మా ఇంటికీ సుధామణి ఇంటికీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. నేను ఇక్కడ తుమ్మితే మా తోడికోడలు అక్కడ "నూరేళ్లు" అనేది, మాటలున్న రోజుల్లో. ఇప్పుడు మాటలు లేవు. గోడ మాత్రం అంతే పలచన. ఈ విషయం ఆమె చెవిన పడకూడదు.

మాటలు ఎందుకు పోయాయో నీకు సగమే తెలుసు. వైశాఖంలో మత్తూరు పెళ్లికి పసుపు దంచే పాట పాడటానికి పోయాం. ఆ పాట ఇద్దరిది. నేను అడిగే వరస, ఆమె జవాబు వరస. మైకువాడు ఒకే మైకు తెచ్చి నా ముందు పెట్టాడు. పెళ్లి వీడియోలో నా గొంతు ఒక్కటే వచ్చింది. ఆమె నోరు ఊరికే తెరుచుకొని మూసుకుంటున్నది. అది చూసి అలిగింది. మైకు పెట్టింది నేనా?

అసలు సంగతి ఇప్పుడు వస్తున్నది. కృష్ణగిరిలో పాటల కమిటీ అని ఒకటి మన వైపు తెలుగు పెళ్లి పాటలన్నీ రికార్డు చేసి దాచబోతున్నది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పాడే ఆడవాళ్లు ఖాళీగా దొరుకుతారని ఇప్పుడు పెట్టుకున్నారు. జూలై 19న పొద్దున కంప్యూటర్‌లో నన్ను చూసి, విని, తీసుకునేదీ లేనిదీ చెబుతారు. మా అమ్మ నేర్పిన పాట అది. ఈ చుట్టుపక్కల పూర్తిగా తెలిసినవాళ్లం మేమిద్దరమే, ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు రికార్డు కాకపోతే ఇంక లేనట్టే.

అందుకని రోజూ పొద్దున రెండు వరసలూ నేనే పాడి, రికార్డు చేసి, పెట్టుకొని వింటున్నాను. విందామని నొక్కగానే సౌండ్ పోతుంది. దానికి తోడు గోడ అవతల సుధామణి నా గొంతును అచ్చం నాలాగే దించి పాడుతున్నది. వెక్కిరింపు. నాకు నువ్వు తప్ప దిక్కు లేదు. ఏం చేయాలో రాసి పంపు. కాగితం పక్కన పెట్టుకొని చేస్తాను.

ఇట్లు,
సౌండ్ లేని మీ అత్త

*

అంచెట్టి దాటి, బడి నుంచి,
27 జూన్ 2025

అత్తకు నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని బస్సు కండక్టర్ మంజునాథ్ టికెట్ల సంచిలోంచి తీసి ఇచ్చాడు. "ఏం మేడం, ఇంకా ఉత్తరాలు రాసేవాళ్లు ఉండారా?" అని అడిగాడు. మా అత్త కంప్యూటర్ గురించి రాసిందని చెప్పాను. "కంప్యూటర్ గురించి ఉత్తరమా!" అని నవ్వాడు.

ఇక్కడ నేను బాగున్నాను. బడిలో పిల్లల కంటే మేకలు ఎక్కువ. పిల్లలు వాటిని తోలుకొనే బడికి వస్తారు, అవి కిటికీ దగ్గర నిలబడి ఎక్కాలు వింటాయి. నిన్న ఒకటి నా హాజరు పట్టీ అంచు తినింది.

సౌండ్ సంగతి. ముందు మామ చేతులు కట్టేయండి. తట్టడం వల్ల ఏదీ బాగుపడదు. తెర మీద కుడివైపు కింద మూల చిన్న స్పీకర్ బొమ్మ ఉంటుంది. దాని పక్కన గుణకారం గుర్తు ఉంటే సౌండ్ మూసి ఉన్నట్టు. దాన్ని నొక్కితే తెరుచుకుంటుంది. అది బాగుంటే, కంప్యూటర్ డబ్బా వెనక పచ్చ రంగు రంధ్రంలో స్పీకర్ తీగ ఉంటుంది, అది వదులైందేమో చూడండి. అప్పుడు కూడా కాకపోతే కరెంటు ఆపేసి, తీగలన్నీ పీకి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకొని మళ్లీ పెట్టండి. వచ్చి పోయే జబ్బుకు చాలాసార్లు వదులు తీగే కారణం.

ఒకటి మాత్రం తప్పకుండా చేయండి. సౌండ్ పోయినప్పుడు ఇంట్లో ఇంకేం జరుగుతున్నదో చూసి రాయండి. మిక్సీ తిరుగుతున్నదా, మోటార్ వేశారా, అట్లా.

చిన్నత్త వెక్కిరిస్తున్నదంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఆమెకు ఒకరి గొంతు దించడం రాదు. నాకు జోలపాట పాడినా అది ఆమె గొంతులాగే ఉండేది.

మీ రంజిత

*

హోసూరు,
4 జూలై 2025

రంజీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూలన ఉన్న బొమ్మకు గుణకారం గుర్తు లేదు. పచ్చ రంధ్రంలో తీగ గట్టిగానే ఉంది. అప్పుడు తీగలు పీకే కాండ మొదలైంది. ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోమని నువ్వు రాసింది మీ మామ పీకిన తర్వాత చదివాడు. మళ్లీ అన్నీ పెట్టాం. కంప్యూటర్ తెరుచుకుంది. సౌండ్ వచ్చింది. కానీ ఒక తీగ మిగిలిపోయింది. అది ఎక్కడిదో తెలియదు, అది లేకుండా కూడా అన్నీ పని చేస్తున్నాయి. మీ మామకు అది మనశ్శాంతి లేకుండా చేసింది. జేబులో పెట్టుకొని తిరుగుతున్నాడు.

సౌండ్ వచ్చిందని ఆ సాయంత్రం కేసరి చేశాను. మర్నాడు పొద్దున మళ్లీ పోయింది.

బజారు నుంచి మెకానిక్ ధనశేఖర్‌ను పిలిచాం. అతను మధ్యాహ్నం వచ్చాడు, అప్పుడు బ్రహ్మాండంగా పలికింది. "బాగుండాది కదమ్మా?" అని వెళ్లిపోయాడు. ఇంకో మధ్యాహ్నం వచ్చాడు, అప్పుడూ పలికింది. మూడోసారి పిలిస్తే, "అమ్మా, అది నన్ను చూస్తే బాగైపోతా ఉండాది. నా ఫోటో ఒకటి ఇస్తా, పక్కన పెట్టుకోండి" అన్నాడు.

ఇంట్లో ఏం జరుగుతున్నదో చూడమన్నావు కదా, చూశాను. మా ఇంట్లో ఏమీ జరగడం లేదు. జరిగేది పక్కింట్లో. పొద్దున అక్కడ ఊదుబత్తి వాసన రావడం, ఇక్కడ సౌండ్ పోవడం. ఇదివరకు ఆమె పూజ చేస్తే దేవుడి పాటలు వినబడేవి. సౌండ్ పోయిన రోజు ఆ పాటలు కూడా ఉండవు. ఊదుబత్తి వెలిగించి నోరు మూసుకొని చేసే పూజ ఏమిటో నువ్వే ఆలోచించు. ఆమె ఊళ్లో లేని రెండు రోజులూ నా సౌండ్ రాయిలా ఉంది.

ఇంకోటి. నా గొంతు దించడం నమ్మనన్నావు. నిన్న పాట రికార్డు చేస్తుంటే నడుమ నాకు దగ్గు వచ్చింది. తర్వాత పెట్టుకుంటే ఇక్కడ సౌండ్ లేదు. గోడ అవతల ఆమె అదే పాట ఎత్తుకుంది. నేను దగ్గిన చోట దగ్గింది! మీ మామ "కాఫీ అయిందా?" అని అరిచిన చోట మగ గొంతుతో "కాఫీ అయిందా?" అనింది! అంతటితో ఆగకుండా తన గొంతుతో జవాబు వరస కూడా పాడింది. ఒక్క మనిషి, మూడు గొంతులు. ఇది మామూలు విద్య కాదు. నిమ్మకాయ మంత్రించి ఎక్కడో పెట్టి ఉంటుంది.

మీ మామను వాళ్ల తమ్ముడు శ్రీరామప్పతో మాట్లాడి కనుక్కోమన్నాను. అన్నదమ్ములిద్దరూ రోజూ కలిసి కాఫీ తాగుతారు గానీ, గోడ సంగతి కాఫీ దగ్గర ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నారట. "ఎత్తితే కాఫీ కూడా పోతాదే" అంటున్నాడు.

పందొమ్మిదో తేదీ వస్తున్నది. త్వరగా రాయి.

మీ అత్త

*

అంచెట్టి దాటి, బడి నుంచి,
9 జూలై 2025

అత్తకు,

మీ ఉత్తరం చదివి నవ్వినందుకు క్షమించండి. మధ్యాహ్న భోజనం వేళ చదివాను, అన్నం పొలమారింది. వంట చేసే కెంచమ్మ నా వీపు తట్టి, "ఏంమ్మా, ఇంటి కాడ ఎవురికేమైనా అయిందా?" అని అడిగింది. మా అత్త దగ్గును ఎవరో ఎత్తుకుపోయారన్నాను. "దిష్టి తీయించు" అనింది. మీ జట్టులో ఒక మనిషి పెరిగింది.

నిమ్మకాయ వద్దు, అత్తా. నిమ్మకాయలో కరెంటు ఉన్నా ఇంత పని చేయదు. నాకు ఒక అనుమానం వచ్చింది. అది నిజమో కాదో తెలియకుండా చెప్పను, ఎందుకంటే మీరు వెంటనే ఎవరిమీదో ఒకరిమీదికి పోతారు.

రేపు పొద్దున సౌండ్ పోగానే ఏమీ పీకకండి, తట్టకండి. మూలన ఉన్న స్పీకర్ బొమ్మను నొక్కండి. సౌండ్ ఎక్కడికి పోతున్నదో దాని పేరు పైన కనబడుతుంది. సౌండ్ ఉన్నప్పుడు ఏ పేరు, లేనప్పుడు ఏ పేరు, రెండూ రాసి పంపండి. అక్షరం మార్చకుండా రాయండి.

మిగిలిన తీగ ప్రింటర్‌ది అయి ఉండవచ్చు. నేను ప్రింటర్ తీసుకొచ్చేశాను, తీగ మరిచిపోయాను. మామ నిశ్చింతగా జేబులోంచి తీయవచ్చు.

మీ రంజిత

*

హోసూరు,
14 జూలై 2025

రంజీ,

దొరికాడు.

సౌండ్ ఉన్నప్పుడు ఏదో ఇంగ్లీషు కంపెనీ పేరు ఉంది. పొద్దున సౌండ్ పోగానే నొక్కితే ఏముందో తెలుసా? రక్షిత్ బాక్స్. అక్షరం మార్చలేదు. సుధామణి కొడుకు రక్షిత్! జూజువాడి దాటి బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడు. ఆడ కూర్చొని నా పెట్టెలో దూరాడు. ఇంటర్నెట్ తీగ పీకించాను. పేరు పోలేదు. అంత గట్టిగా పాతుకున్నాడు. నేను ఎత్తుకొని తిప్పిన పిల్లోడు!

తల్లి చెప్పకుండా వాడు చేయడు. మాటలు లేవు కాబట్టి ఆమె కాకితో చెబుతున్నది, నాకు వినబడేట్టు. నిన్న మిద్దె మీద "ఏమే కాకీ, కొందురికి వాళ్లిల్లు చాలదంట. పొద్దున్నే మా వంటింట్లోకి వచ్చి పాడతారంట. దేవుడి పాట పెట్టుకుందామంటే దయ్యం పాట వస్తా ఉండాది" అనింది. నా గొంతు గోడ దాటుతున్నదని ఎత్తిపొడుపు. నేను కొళాయితో చెప్పాను, "ఏమే కొళాయీ, ఇల్లు మాది, గొంతు మాది, వినలేనోళ్లు చెవుల్లో దూది పెట్టుకోవచ్చు" అని. కాకి ఎగిరిపోయింది.

నువ్వు వద్దన్నా నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కంప్యూటర్‌కు కట్టాను. మీ మామ తీగ జేబులోంచి తీయలేదు. "అది ప్రింటర్‌ది కాకపోతే?" అంటున్నాడు.

ఇంక అయిదు రోజులే ఉన్నాయి. రక్షిత్‌ను నా కంప్యూటర్‌లోంచి ఎట్లా బయటికి పంపాలో రాయి.

మీ అత్త

*

అంచెట్టి దాటి, బడి నుంచి,
18 జూలై 2025

అత్తా,

ఈ ఉత్తరం రేపటిలోపు చేరదని తెలిసే రాస్తున్నాను. దారి మీద ఏనుగులు ఉన్నాయని ఫారెస్టు వాళ్లు రెండు రోజులుగా బస్సు ఆపేశారు. మీ ఉత్తరం కూడా ఇవాళే చేరింది, పాల సైకిల్ మీద. దిగి వచ్చి ఫోన్ చేద్దామంటే నన్ను కూడా పోనివ్వడం లేదు.

రక్షిత్ మీ కంప్యూటర్‌లో లేడు. తేరు పండగ గుర్తు తెచ్చుకోండి. మన గేటు ముందు పానకం పందిరి వేశాం. మీరు పానకం, చిన్నత్త మజ్జిగ పోశారు. పాటలకు రక్షిత్ తన స్పీకర్ తెచ్చి పందిరి గుంజకు కట్టాడు. తీగ అవసరం లేని స్పీకర్ అది. దాని పేరే రక్షిత్ బాక్స్. ముందు గదిలో ఉన్న కంప్యూటర్‌ను దానికి కలిపింది నేను. సాయంత్రం స్పీకర్ వాళ్లింటికి పోయింది. కంప్యూటర్ మాత్రం దాన్ని మరిచిపోలేదు.

చిన్నత్త పొద్దున పూజకు ఆ స్పీకర్ వేయగానే, అది తనకు తెలిసినవాళ్లను వెతుకుతుంది. వాళ్ల ఫోన్ ఇంట్లో ఉంటే దాన్ని పట్టుకుంటుంది, దేవుడి పాటలు వస్తాయి. చిన్నమామ ఫోన్ జేబులో పెట్టుకొని బయటికి పోయిన రోజు దానికి దొరికేది గోడ ఇవతల ఉన్న మీ కంప్యూటరే. మీ సౌండ్ అంతా అక్కడికి పోతుంది. చిన్నత్త మిమ్మల్ని వెక్కిరించలేదు. ఆమె వంటింట్లో పాడింది మీరే. దగ్గింది మీరే. కాఫీ అడిగింది మామే. జవాబు వరస ఒక్కటే ఆమెది. మీ పాట వినబడితే ఊరుకోలేక అందుకొని ఉంటుంది.

నా భయం ఇది. ఆ స్పీకర్‌లో మైకు కూడా ఉంది. వీడియో కాల్ నడుమ అది కలిస్తే కమిటీ వాళ్ల మాటలు చిన్నత్త వంటింట్లో వినబడతాయి, వాళ్లకు వినబడేది కూడా ఆ వంటిల్లే. మీరు తెర మీద నోరు మాత్రం ఆడిస్తూ ఉంటారు.

స్పీకర్ బొమ్మ నొక్కి, ఆ పేరు దగ్గర రిమూవ్ అని ఉన్నదాన్ని నొక్కితే శాశ్వతంగా పోతుంది. అంతకంటే సులువు, రేపు పొద్దున స్పీకర్ వేయవద్దని చిన్నత్తను అడగడం. ఒక్క మాట. కాకితో కాదు, ఆమెతో.

మీ రంజిత

*

హోసూరు,
20 జూలై 2025

రంజితకు,

నీ దగ్గరి నుంచి జవాబు లేదు. నిన్న అయిపోయింది. నవ్వీ నవ్వీ డొక్కలు నొస్తున్నాయి, అందుకని అక్షరాలు వంకరగా ఉంటాయి. నేను చూసింది కొంత, సుధామణి చెప్పింది కొంత కలిపి రాస్తున్నాను.

అవును, సుధామణి చెప్పింది.

కాల్ మొదలైంది. మోనిషా అనే అమ్మాయి, పక్కన ఇద్దరు పెద్దలు. "వినబడుతా ఉందా అమ్మా?" అనింది. బాగా వినబడింది. నిమ్మకాయ మీద నమ్మకం కుదిరింది. "పాడండి" అన్నారు. అప్పుడే ఊదుబత్తి వాసన వచ్చింది. నేను కళ్లు మూసుకొని ఎత్తుకున్నాను:

పందిట్లో పసుపు దంచ ఎవరొచ్చిరమ్మా?

కళ్లు తెరిచేసరికి ముగ్గురి నోళ్లూ ఆడుతున్నాయి, మాట లేదు. మోనిషా తన చెవి చూపించింది. నా కమ్మలు బాగున్నాయంటున్నదనుకొని తలూపాను. ఒక పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. తాళం వేస్తున్నాడనుకొని ఇంకా గట్టిగా పాడాను.

ఆ వేళకు సుధామణి వంటింట్లో చారుకు తిరగమాత వేస్తున్నది. దేవుడి పాటలకని వేసిన స్పీకర్‌లోంచి ఒక ఆడపిల్ల, "రామలక్ష్మమ్మగారూ, మీ గొంతు రావడం లేదు, ఆవాలు చిటపటమంటున్నాయి" అనింది. ఈమె గరిటె ఎత్తి, "ఎవురప్పా లోపల?" అని అరిచింది. అక్కడి పెద్దాయన, "ఎవరో అరుస్తున్నారు గానీ పాట లేదు. ఈమెను వదిలేద్దాం. పసుపు పాట లేకపోయినా పరవాలేదు, తర్వాతివాళ్లను పిలువు" అన్నాడు.

సుధామణికి అప్పుడు అర్థమైంది. పందొమ్మిదో తేదీ సంగతి ఆమెకు తెలుసు. నేను ఎన్నిసార్లు మీ మామకు చెప్పలేదు, ఆ గోడ ఎన్నిసార్లు వినలేదు! నేను గోడ ఇవతల గొంతు చించుకుంటున్నాను, వాళ్లు నన్ను వదిలేస్తున్నారు. ఈ రెండూ తెలిసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. స్పీకర్ ఆపేసి చారు చూసుకోవచ్చు. మత్తూరు పెళ్లి బాకీ తీరిపోయేది.

ఆమె స్పీకర్‌ను నోటి దగ్గరికి తెచ్చుకొని పాడింది. జవాబు వరస కాదు. నా వరస. అడిగే వరస. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఎత్తుకోని వరస.

కమిటీ వాళ్లకు తెర మీద నా నోరు, చెవిలో ఆమె గొంతు. తలలు ఊపారు. నాకు మాత్రం గోడ అవతల ఆమె నా వరస పాడటం వినబడింది. ఒళ్లు మండింది. ఇంత రోజున కూడా వెక్కిరింపా? కానీ ఆ ప్రశ్న వింటే జవాబు రాకుండా ఆగదు. నా నోరు నా మాట వినలేదు. మొదటిసారి ఆమె అడగగా జవాబు వరస నేను అందుకున్నాను:

పక్కింటి చెల్లెలు తానై వచ్చెనమ్మా!

అంతలో తలుపు తోసుకొని సుధామణి వచ్చింది. ఒక చేతిలో స్పీకర్, ఒక చేతిలో గరిటె.

"అక్కా! వాళ్లు నీతో మాట్లాడతా ఉండారు, నా వంటింట్లో!"

వైశాఖం తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట ఇది.

"నా వరస నువ్వెందుకు పాడినావు?" అన్నాను.

"నిన్ను తీసేస్తా ఉండారే! ఊరుకొమ్మంటావా?"

"అడక్కుండా పాడతావా?"

"అడిగేదానికి మాటలుండాయా మనకు? మత్తూరులో మైకు నా పక్కకు రవ్వంత తిప్పింటే ఇంత దూరం వచ్చిండునా?"

"మైకువాడు పెట్టినాడే!"

"నీకు చెయ్యి లేదా?"

మీ మామ లోపలి నుంచి తీగ పట్టుకొని పరుగెత్తి వచ్చాడు. "ఇది యాడన్నా పనికొస్తాదా?" అన్నాడు. ఇద్దరం ఆయన్ను ఒక్కసారే కసిరాం. చాలా రోజులకు మేం ఇద్దరం కలిసి చేసిన పని అది.

అప్పుడు సుధామణి చేతిలో ఉన్న స్పీకర్ మాట్లాడింది. "అమ్మా, ఇద్దరూ కొంచెం నిదానించండి. మైకు గొడవ మాకు మొత్తం అర్థమైంది. పాటలో మిగతా సగం ఎవరు పాడతారో చెప్పండి."

అంతా విన్నారు! ఎవరూ వినడం లేదనుకొని పోట్లాడుకోవడం వేరు. ముగ్గురు పెద్దమనుషులు వింటుంటే పోట్లాడుకున్నామని తర్వాత తెలియడం వేరు. సుధామణి నన్ను చూసింది, నేను ఆమె గరిటెను చూశాను, ఎవరు ముందు నవ్వారో తెలియదు. కింద కూర్చున్నాం. తెరలో మేం కనబడలేదట. ఖాళీ కుర్చీ, నిమ్మకాయ, నవ్వులు, అంతే.

తర్వాత స్పీకర్‌ను స్టూల్ మీద ఇద్దరి నడుమ పెట్టి పాట మొత్తం పాడాం. ఎవరి వరస వాళ్లు. వాళ్లు ఏమీ తేల్చలేదు, మాట్లాడుకొని చెబుతామన్నారు. చారు గిన్నె మాడిపోయింది. శ్రీరామప్ప వచ్చి గిన్నెను, మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. కాఫీ ఒట్టు ఇంట్లో కూడా వర్తిస్తుందనుకున్నాడేమో.

ఒకటే తేలలేదు. నా కంప్యూటర్ సౌండ్ ఆమె వంటింట్లోకి ఎట్లా పోయింది? రక్షిత్‌ను ఫోన్‌లో అడిగితే, "నేనేం చేసినాను పెద్దమ్మా?" అని ఏడుపు గొంతు పెట్టాడు. నువ్వే చెప్పాలి.

మీ అత్త

*

హోసూరు,
11 ఆగస్టు 2025

చిరంజీవి రంజితకు,

ఏనుగులు దారి ఇచ్చాక నీ ఉత్తరం వచ్చింది. సుధామణీ నేనూ చెరొక వైపు పట్టుకొని చదివాం. దగ్గు మీదే, కాఫీ అడిగింది మామే అన్న చోట ఆమె నన్ను చూసిన చూపు నీకు రాయలేను. "నాకు మగ గొంతు కూడా వస్తాదా అక్కా?" అని ఇప్పటికి ఎన్నిసార్లు అడిగిందో.

కమిటీ ఇద్దరినీ పిలిచింది. మొన్న శనివారం కృష్ణగిరి పోయి వచ్చాం. రికార్డింగ్ గది అద్దాల పెట్టెలా ఉంది. మోనిషా మమ్మల్ని చూడగానే, "గరిటె తేలేదా అమ్మా?" అనింది. రెండు మైకులు పెట్టారు, ఒకటి నాకు, ఒకటి ఆమెకు. సుధామణి తన మైకును ఎన్నిసార్లు సర్దుకుందో. కొత్త చీర కొంగు దానికి తగలకుండా నడుముకు దోపుకుంది.

పాట సగంలో అద్దం అవతల ఉన్న అబ్బాయి చెయ్యి ఎత్తాడు. రెండో మైకులో సౌండ్ వచ్చి పోతున్నదట. మేం ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. మీ మామ లేచి జేబులోంచి తీగ తీశాడు. అది అక్కడ కూడా సరిపోలేదు. అబ్బాయి, "పెద్దమ్మ వరస వస్తున్నది కదా, అది ముందు తీసేద్దాం. ఆమెది తర్వాత అతికిస్తాను" అన్నాడు.

సుధామణి కొంగు తీసి వదులుగా వేసుకుంది.

నేను ఆమె రెక్క పట్టుకొని లాగాను. గట్టిగా లాగాను, నా మైకు ముందుకు వచ్చి పడింది. మైకును ఆమె వైపు తిప్పి, నేను పక్కకు జరిగి, "ఇప్పుడు తియ్యప్పా" అన్నాను. అబ్బాయి, "ఇట్లయితే మీ గొంతు తగ్గుతాది పెద్దమ్మా" అన్నాడు. "గట్టిగా పాడతాలే" అన్నాను.

పాడాం. బాగా వచ్చిందన్నారు. వినిపించారు. రెండు గొంతులూ ఉన్నాయి. నడుమ ఒక చోట దగ్గు ఉంది. అది నిజంగానే సుధామణిది.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. మత్తూరు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. హోసూరు వచ్చేదాకా మేం పసుపు పాట పాడిన పెళ్లికూతుళ్ల పేర్లు చెప్పుకొని నవ్వుకున్నాం.

రిమూవ్ నొక్కమని రాశావు. నిన్న పొద్దున నొక్కుదామని కూర్చున్నాను. బొమ్మ నొక్కితే రక్షిత్ బాక్స్ అని, కింద కనెక్టెడ్ అని ఉంది. ఆమె పూజ మొదలుపెట్టింది. నేను పాట పెట్టాను. ఇక్కడ సౌండ్ లేదు, గోడ అవతల నేను పాడుతున్నాను, ఆమె అందుకుంటున్నది. ఆ బటన్ నొక్కలేదు. నొక్కను. కంప్యూటర్ బాగైంది అని నీ లెక్కలో రాసుకో. ఇప్పుడు ఆమె స్పీకర్ వేసే ముందు గోడ మీద తట్టి, "అక్కా, వేస్తా ఉండా!" అంటుంది. నాకు సౌండ్ కావాల్సిన పని ఉంటే నేను తడతాను. ధనశేఖర్‌కు చెబితే, ఇట్లాంటి రిపేరు తాను ఎక్కడా చూడలేదన్నాడు. నిమ్మకాయ ఎండిపోయింది, తీసేశాను.

ఇంక ఈ కాగితంలో చోటు అయిపోయింది. సుధామణి కూడా రెండు మాటలు రాస్తానంటున్నది.

మీ అత్త రామలక్ష్మమ్మ

రంజీ, నేను చిన్నత్తను. చూసినావా మీ అత్త పని? కాగితమంతా ఆమే రాసేసి నాకు ఈ అంచు మిగిల్చినాది. మైకు బుద్ధి యాడికి పోతాది? అడిగితే "చోటు అయిపోయిందే, నేనేం చేసేది" అంటా ఉండాది, నవ్వతా. ఈ తూరి నువ్వు రాసేటప్పుడు ఒక తెల్ల కాగితం కూడా పెట్టి పంపు, నడుమ గీత గీసి. ఎడమ పక్క ఆమెది, కుడి పక్క నాది. ఇదో, ఈ అంచు కూడా అయిపోతా ఉండాది. గీత దాటితే…